డిమ్ లైట్ బల్బు మార్చాలంటే: మామూలు హాలోజన్, ‘ప్లస్’ బల్బు, నీలి బల్బు, ఎల్‌ఈడీలలో మన రోడ్లకు ఏది?

నల్లగొండ నుంచి దేవరకొండ వైపో, జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపో చీకటి పడ్డాక కారు తీస్తే, ఎదురు బండి వచ్చిన ప్రతిసారీ డిమ్ చేయక తప్పదు. అలాంటి రోడ్ల మీద హై బీమ్ వేసుకునే అవకాశం ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. మిగతా దూరమంతా డిమ్ లైటే దిక్కు. యాసంగి కోతలప్పుడు తారు మీద ఆరబోసిన వడ్లు, రాత్రికి వాటిపై కప్పిన నల్ల పట్టా, పట్టా ఎగరకుండా అంచున పేర్చిన రాళ్ళు, వెనక లైటు లేకుండా పోయే పత్తి ట్రాక్టరు, ఎడమ పక్కన నడిచే బర్రెలు. ఇవన్నీ నల్లటివి లేదా మట్టి రంగువి. వెలుగును తిరిగి కంటికి పంపే గుణం వీటికి చాలా తక్కువ. అందుకే డిమ్ లైట్ బల్బును అందం కోసం కాదు, రోడ్డు ఎడమ అంచు ఎంత దూరం కనబడుతుందన్న లెక్కతో ఎంచుకోవాలి.

ఆ లెక్క ఒకసారి వేద్దాం. చిన్న కారులో హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి దాదాపు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. డిమ్ లైట్ పై అంచు నూటికి ఒక వంతు కిందికి వాలేలా సెట్ చేస్తారు, అంటే ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. ఈ లెక్కన ఆ అంచు సుమారు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఎడమ పక్కన అంచు కొంచెం పైకి లేస్తుంది కాబట్టి అటువైపు ఇంకొంత దూరం కనిపిస్తుంది. ఇప్పుడు బ్రేకు సంగతి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, చూసి తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే 33 మీటర్లు పోతాయి. పొడి తారు మీద గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం 68. అంటే 80 మీద డిమ్ లైట్‌తో పోవడమంటే కనబడే దూరమంతా వాడేసుకోవడమే. 60 మీద అయితే 45 మీటర్లలో ఆగుతుంది. ఎంత ఖరీదైన బల్బు వేసినా ఈ అంచు ముందుకు జరగదు. అంచు లోపల ఉన్నది ఎంత స్పష్టంగా కనబడుతుందన్నదే బల్బు చేతిలో ఉంది.

బల్బు కొనే ముందు చూడాల్సిన మూడు

‘లైటు తగ్గింది, బల్బు మార్చండి’ అని షెడ్డుకు వచ్చే బండ్లలో చాలావాటికి అసలు లోపం బల్బులో ఉండదు. ఈ మూడూ చూడకుండా రెండు మూడు వేలు పెట్టి బల్బులు కొనడం పారే నీళ్ళలో డబ్బు వేసినట్టే.

మొదటిది డూము. ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం గాజు కాదు, పాలీకార్బొనేట్. పైన ఒక పల్చని పూత ఉంటుంది. నల్లగొండ ఎండల్లో నాలుగైదేళ్ళు బయటే నిలబడిన కారుకు ఆ పూత పోయి డూము పసుపెక్కుతుంది. క్రషర్ల దుమ్ము, హైవే మీద ఎగిరే ఇసుక కలిసి దాన్ని ఇంకా గరుకుగా చేస్తాయి. పసుపెక్కిన డూము వెలుగును తగ్గించడమే కాదు, చెదరగొడుతుంది. మీకు రోడ్డు కనబడదు, ఎదుటివాడికి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. దీనికి మందు నీళ్ళ కాగితం. 1000, 1500, 2000, 3000 నంబర్లు వరుసగా, తడుపుతూ రుద్ది, ఆ తర్వాత పాలిష్ కాంపౌండ్ పట్టించి, చివర యూవీ పూత వేయాలి. ఆ చివరి పూత వేయకుండా పాలిష్ చేసి ఇచ్చేస్తే నెలల్లోనే మళ్ళీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దడం కూడా ఇలాంటిదే, కొద్ది రోజుల మెరుపు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ, హాలియా వైపు, వరి ఈనే రోజుల్లో రాత్రిపూట పురుగులు గుంపులుగా వచ్చి డూముకు అంటుకుంటాయి. ఆ రోజుల్లో డిక్కీలో ఒక నీళ్ళ సీసా, మెత్తటి గుడ్డ ఉంచుకోవాలి. ఎండిన పురుగులను పొడి గుడ్డతో రుద్దితే డూము మీద గీతలు పడతాయి.

రెండోది వోల్టేజి. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ అసలు గుట్టంతా ఇక్కడే ఉంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. బల్బుల వెలుగును 13.2 వోల్టుల దగ్గర కొలుస్తారు. హోల్డర్ దగ్గరికి 12 వోల్టులే చేరితే వోల్టేజి తగ్గింది నూటికి 9 మాత్రమే, వెలుగు మాత్రం నూటికి 28 దాకా పోతుంది. వెయ్యి ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) ఇవ్వాల్సిన ఫిలమెంట్ 720 దగ్గర ఆగిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, డిమ్ లైట్ వేసి, మల్టీమీటర్‌తో ముందు బ్యాటరీ మీద కొలవండి. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) బాగుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తుంది. తర్వాత బల్బు వెలుగుతుండగానే కప్లర్ (బల్బు వెనక తగిలించే వైర్ల ప్లగ్గు) వెనక నుంచి సూది పెట్టి, బల్బు రెండు కొసల మధ్య కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉంటే సరే. వోల్టు దాటితే తప్పు వైరింగ్‌లోనో, ఎర్త్ దగ్గరో, కప్లర్ లోపల నల్లబడిన పిన్నులోనో ఉంటుంది. పాత కార్లలో చాలాసార్లు తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు విప్పి, గీకి, బిగిస్తే చాలు. వెయ్యి రూపాయల బల్బు కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

మూడోది లైటు వాలు. దాని సంగతి చివర్లో చెబుతాం, ఎందుకంటే బల్బు మార్చాక ఎలాగూ మళ్ళీ చూడాలి.

మీ కారుకు ఏ రకం బల్బు పడుతుంది

దీంట్లో ఎంపిక లేదు, కారు ఏది అడిగితే అదే. ఆల్టో, వ్యాగన్ ఆర్, పాత స్విఫ్ట్, పాత ఐ10 లాంటి చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది హెచ్4. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, డిమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60 వాట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటుంది. వెలుగు కింది సగం రిఫ్లెక్టర్ మీద పడకుండా ఆపి, పైన ఆ పదునైన అంచు ఏర్పడేలా చేసేది అదే. డిమ్‌కూ హైకీ వేర్వేరు గదులున్న కార్లలో డిమ్‌కు హెచ్7 లేదా హెచ్11 వస్తుంది. హెచ్4 డిమ్ ఫిలమెంట్ ఇచ్చేది 1000 ల్యూమెన్లు, హెచ్11 ఇచ్చేది 1350, హెచ్7 ఇచ్చేది 1500. పక్కింటి కారు లైటు మీ దానికంటే బాగుందంటే కారణం చాలాసార్లు ఇదే. వాళ్ళ బల్బు కంపెనీ గొప్పతనం కాదు, బల్బు రకమే వేరు.

పాత బల్బు లోహపు అడుగు మీద రకం రాసి ఉంటుంది, మాన్యువల్‌లోనూ ఉంటుంది. దుకాణంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మోటర్‌సైకిళ్ళకు వాడే హెచ్ఎస్1 బల్బు చూడటానికి హెచ్4కు తమ్ముడిలా ఉంటుంది, కానీ 35/35 వాట్లదే. విజయవాడ హైవే పక్కన చిట్యాల, సూర్యాపేటల్లో లారీ సామాన్లు అమ్మే కొట్లలో 24 వోల్టుల హెచ్4 కూడా అదే షెల్ఫులో ఉంటుంది. దాని మీద 24 వోల్టులు, 75/70 వాట్లు అని ఉంటుంది. వాట్లు ఎక్కువ కదా అని మురిసిపోయి కారులో వేస్తే ఎర్రగా, దీపంలా వెలుగుతుంది. డబ్బా మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని రెండూ చదివాకే డబ్బులు ఇవ్వండి.

ఇక పోలిక

*మామూలు 55 వాట్ల హాలోజన్.* కారుతో పాటు వచ్చే రకం. రంగు కొంచెం పసుపు కలిసిన తెలుపు, దాదాపు 3200 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది). ఫిలిప్స్, ఓస్రామ్, బాష్, హెల్లా లాంటి పేరున్న కంపెనీలవి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. వానలోనూ, దుమ్ములోనూ, చలికాలం పొద్దుగాల మంచులోనూ నమ్మకంగా పని చేసేది ఇదే. డూము శుభ్రంగా ఉండి, వోల్టేజి సరిగా అందుతుంటే, పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్ళకూ తిరిగే కారుకు ఇంతకంటే అవసరం లేదు. ఇందులోనే ‘లాంగ్ లైఫ్’ అని ఇంకో రకం ఉంటుంది. ఫిలమెంట్‌ను కొంచెం తక్కువ వేడి మీద నడిపిస్తారు, ఎక్కువ కాలం వస్తుంది, వెలుగు కాస్త మెత్తగా, పసుపుగా ఉంటుంది. రోజంతా లైటు వేసి తిరిగే ట్యాక్సీలకు, బల్బు మార్చాలంటే బంపరు విప్పాల్సిన కార్లకు ఇది పనికొస్తుంది. రాత్రి హైవే ఎక్కేవాళ్ళకు కాదు.

*‘ప్లస్’ బల్బులు.* డబ్బా మీద 100 శాతం, 130 శాతం, 150 శాతం ఎక్కువ వెలుగు అని రాసి ఉండేవి. ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. హెచ్4 డిమ్ ఫిలమెంట్ మొత్తం వెలుగు 1000 ల్యూమెన్లకు అటూ ఇటూ 15 శాతం లోపే ఉండాలని నిబంధన. కాబట్టి నిబంధన పాటించే ఏ బల్బూ 1150 దాటదు. మరి 130 శాతం ఎక్కడిది? రోడ్డు మీద ముందున్న కొన్ని నిర్ణీత చోట్ల, చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి చెప్పే అంకె అది. మీ పాత బల్బుతో పోల్చింది కాదు. అలాగని మోసం కూడా కాదు. ఈ బల్బుల్లో ఫిలమెంట్ చుట్టలు మరింత దగ్గరగా, సన్నగా, కచ్చితంగా కూర్చుంటాయి. దానివల్ల రిఫ్లెక్టర్ వెలుగును అంచు దగ్గరే, అంటే 50 నుంచి 75 మీటర్ల మధ్య గుమికూడేలా చేస్తుంది. ట్రాక్టరు, వడ్ల కుప్ప కనబడాల్సింది సరిగ్గా అక్కడే. మంచి డూమున్న కారులో తేడా కంటికి తెలుస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం ఆయుష్షు. సన్నని ఫిలమెంట్ ఎక్కువ వేడి మీద మండుతుంది, మామూలు బల్బుతో పోలిస్తే సగానికి కూడా రాకపోవచ్చు. రోజూ రాత్రి గంటసేపు నడిపితే ఏడాదికి 365 గంటలు అవుతుంది. అలా నడిపేవాళ్ళు ఈ బల్బులను ఏడాదికోసారి మార్చే ఖర్చుగా లెక్కేసుకోవాలి. గుంతల రోడ్డు అదురు కూడా వీటికి పడదు. ఆల్టర్నేటర్ 14.8 వోల్టులు దాటి ఇస్తున్న కారులో అయితే అసలు వేయకండి. వోల్టేజి 5 శాతం పెరిగితేనే హాలోజన్ ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. జాతీయ రహదారి మీద వారానికి రెండు మూడు రాత్రులు తిరిగేవారికి, ముఖ్యంగా 44వ నంబరు రోడ్డు దిగి లోపలి ఊళ్ళకు పోయేవారికి మా సలహా ఇదే రకం. కానీ 100 శాతం రాసినదాన్ని దాటి 150 దాకా పోవద్దు. అదనంగా కనబడే తేడా కంటే తగ్గే ఆయుష్షు ఎక్కువ.

*నీలి, ‘సూపర్ వైట్’ బల్బులు.* వీటి మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. హాలోజన్ ఫిలమెంట్ సహజంగా ఇచ్చే వెలుగులో పసుపు, ఎరుపు పాలు ఎక్కువ. గాజు మీద నీలి పూత వేసి ఆ పాలును మింగేస్తే మిగిలేది తెల్లగా కనబడుతుంది. అంటే తెలుపు కొత్తగా రాలేదు, ఉన్న వెలుగులోంచి పసుపు పోయింది. ఆ నష్టం పూడ్చడానికి ఫిలమెంట్‌ను ఇంకా వేడిగా కాల్చాలి, అందుకే త్వరగా పోతుంది. 4300 కెల్విన్ దాకా రాసిన పేరున్న కంపెనీ బల్బు ఫరవాలేదు. 5000, 6000 అని రాసి, గాజు మొత్తం నీలంగా ఉన్నదైతే చేతిలోంచి కింద పెట్టేయండి. తడిసిన నల్ల తారు మీద దాని వెలుగు ఎక్కడ పడుతుందో తెలియదు. దుమ్ములో, మంచులో ముందు తెల్లటి తెర లేచినట్టవుతుంది. ఎదురొచ్చే పెద్ద వయసువాళ్ళ కళ్ళకు నీలి వెలుగు మరీ బాధ.

*90/100 వాట్ల బల్బులు.* ఇప్పటికీ అమ్ముతున్నారు, ఇప్పటికీ వేస్తున్నారు. డిమ్‌లో 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 4.6 ఆంపియర్లు తీసుకుంటే, 90 వాట్లది 7.5 తీసుకుంటుంది. అదే వైరులో పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ముందు కప్లర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత కరిగి బల్బు పిన్నులకు అతుక్కుపోతుంది. లోపల రిఫ్లెక్టర్‌కు వెండిలా మెరిసే పూత పైభాగంలో మసకబారి పోతుంది. అది పోతే పాలిష్ చేసేది లేదు, హెడ్‌లైట్ మొత్తం కొనాల్సిందే. పోనీ వెలుగైనా దానికి తగ్గట్టు పెరుగుతుందా అంటే, అదీ లేదు. పాత వైరులో 0.8 వోల్టులు పోతుంటే ఈ బల్బుకు 1.3 పోతాయి, పెట్టిన అదనంలో మంచి భాగం వైరే తింటుంది. ఫ్యూజు పోతుందని పెద్ద ఫ్యూజు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. బండి తగలబడటానికి అది తలుపు తీసినట్టు. దయచేసి ఆ పని చేయకండి.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) కిట్టు వేస్తే మాత్రం కథ వేరు, కానీ 55 వాట్ల బల్బుతోనే. పాత కారులో స్విచ్చు దాకా పోయి వచ్చే పొడవాటి సన్న వైరు బదులు, బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చి, 30 ఆంపియర్ల రిలే ద్వారా బల్బుకు ఇస్తారు. పాత కప్లర్ రిలేను లేపడానికి మాత్రమే పని చేస్తుంది. రిలేలో 30వ నంబరు పిన్నుకు బ్యాటరీ, 87కు బల్బు, 85, 86లకు పాత కప్లర్ వైర్లు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, అది మరవకూడదు. కొన్ని కార్లలో స్విచ్చు ప్లస్ వైపు కాక ఎర్త్ వైపు తెంచుతుంది. అలాంటి కారుకు మామూలు కిట్టు తగిలిస్తే హై బీమ్ సూచికో, డిమ్మో తికమకగా పని చేస్తుంది. అందుకని ముందు మీటరు పెట్టి చూసే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. వారంటీలో ఉన్న కారు వైరింగ్ జోలికి పోవద్దు.

*ఎల్‌ఈడీ బల్బులు.* అందరూ అడిగేది వీటి గురించే. కంపెనీయే ఎల్‌ఈడీ కోసం చేసిన హెడ్‌లైట్ చాలా మంచిది, దాని మీద మాటే లేదు. ఇక్కడ మాట్లాడేది హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం గురించి. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపునూ, ఫిలమెంట్ ఉండే చోటునూ దాని మందాన్నీ లెక్కలోకి తీసుకుని కోస్తారు. ఫిలమెంట్ చుట్టూరా వెలుగిస్తుంది. ఎల్‌ఈడీ పట్టీకి రెండు పక్కలా చిప్పులు అతికించి ఉంటాయి, మధ్యలో లోహపు మందం ఉంటుంది. చిప్పు ఒక మిల్లీమీటరు జరిగినా అంచు చెదురుతుంది. అప్పుడు బానెట్ ముందు పది మీటర్ల దాకా పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది, చూసేవాడికి ‘మస్తు లైటు’ అనిపిస్తుంది. ఆ దగ్గరి వెలుగుకే కంటి పాప ముడుచుకుంటుంది, 60 మీటర్ల దూరంలో ఉన్న చీకటి ఇంకా చీకటవుతుంది. అంచు మీదుగా తప్పించుకున్న వెలుగు నేరుగా ఎదుటి డ్రైవరు కళ్ళలోకి పోతుంది. కన్ను మూసుకుపోయిన లారీ మీ వైపే వస్తోందని మరవకండి.

ఇంకా ఉన్నాయి. వెనక వేడి లాగే రెక్కలూ, ఫ్యానూ లావుగా ఉండి రబ్బరు మూత పట్టదు. మూతకు కోత పెట్టి తగిలిస్తారు, ఆ సందులోంచి మన దుమ్మూ, వాన నీళ్ళూ లోపలికి పోయి రిఫ్లెక్టర్ నల్లబడుతుంది. మే నెలలో ఇంజిన్ గది వేడికి చిప్పు కాలిపోకుండా బల్బు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది, కొట్లో పెట్టి చూపించిన వెలుగు అరగంట తర్వాత ఉండదు. ఫ్యానులో దుమ్ము చేరితే శబ్దం, ఆ తర్వాత ఆగిపోవడం. కొన్ని బల్బుల వల్ల రేడియోలో గరగర వస్తుంది. కొన్ని కార్లలో బల్బు పోయిందని డాష్‌బోర్డు హెచ్చరిస్తుంది. డబ్బా మీద రాసే వేల ల్యూమెన్లు చిప్పు లెక్క, రోడ్డు మీద పడే లెక్క కాదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఉంది నిజమే, అదీ పరీక్షించి తేల్చిన కార్ల జాబితాకే. ఏ కారులో ఏ బల్బు సరిగా కూర్చుంటుందో విడివిడిగా కొలిచి చూడాల్సిన పని అని దాన్నిబట్టే తెలుస్తుంది. మన దగ్గర కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది.

35 వాట్ల హెచ్ఐడీ (ఫిలమెంట్ లేకుండా వాయువులో వెలిగే బల్బు) కిట్లదీ ఇదే కథ, వెలుగు ఎక్కువ కాబట్టి ఎదుటివాడికి బాధ ఇంకా ఎక్కువ. లెన్సు లేని మామూలు రిఫ్లెక్టర్‌లో అవి అసలు వద్దు.

నకిలీ పట్టుకోవడం

పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం బల్బు పెట్టి అమ్మడం ఉంది. లోహపు అడుగు మీద కంపెనీ పేరు, రకం, వాట్లు, గుండ్రని గీతలో ఇంగ్లిషు ‘E’ అక్షరం (ఆమోద ముద్ర), పక్కన అంకె, ఇవన్నీ స్పష్టంగా చెక్కి ఉండాలి. గోటితో గీకితే పోయే సిరా ముద్ర నమ్మకం కాదు. గాజును వెలుతురుకు పట్టి చూడండి. డిమ్ ఫిలమెంట్ తిన్నగా, గిన్నె రేకుకు సమానంగా ఉండాలి. రెండు బల్బులు పక్కపక్కన పెడితే ఫిలమెంట్ చోటు ఒకేలా ఉండాలి. ఒకటి వంకరగా ఉంటే అది గోడ మీద అంచును కూడా వంకర చేస్తుంది.

మార్చే పద్ధతి

ముందు లోపం ఎక్కడో తేల్చుకోండి. రెండు పక్కలా డిమ్ ఒకేసారి పోతే బల్బులు పోయాయని కొనకండి, ఫ్యూజులు, రిలే, స్టీరింగ్ కింది స్విచ్చు చూడండి. ఒక పక్కే పోయి, అదే పక్క హై పని చేస్తుంటే హెచ్4లో డిమ్ ఫిలమెంట్ తెగినట్టు. ఒక పక్క డిమ్ వేసినా హై వేసినా రెండు ఫిలమెంట్లూ కలిసి మందంగా ఎర్రగా వెలుగుతుంటే ఆ పక్క ఎర్త్ పోయింది, కరెంటు ఒక ఫిలమెంట్ గుండా ఇంకోదానిలోకి తిరిగి పోతోంది. బల్బు మార్చినా అదే వస్తుంది.

కీ తీసేయండి, లైట్లు ఆపి కనీసం పది నిమిషాలు చల్లారనివ్వండి. హాలోజన్ గాజు చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది. కప్లర్‌ను వైర్లు పట్టి కాదు, ప్లాస్టిక్ ఒంటిని పట్టి అటూ ఇటూ కదుపుతూ తిన్నగా వెనక్కి లాగండి. రాకపోతే బలం పెట్టకుండా పిన్నుల దగ్గర కాలిన జాడ ఉందేమో చూడండి. ఉంటే కొత్త హోల్డర్ కూడా కొనాలి, హెచ్4కు సెరామిక్ హోల్డర్ దొరుకుతుంది. రబ్బరు మూతకున్న చెవి పట్టి లాగితే ఊడుతుంది. లోపల స్ప్రింగు క్లిప్పును లోపలికి నొక్కి, పక్కకు జరిపి, వదిలితే పక్కకు వాలుతుంది. అది ఎటు వాలిందో, ఎలా తగిలి ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు కనబడదు. బ్యాటరీ ఉన్న పక్క చేయి పట్టకపోతే గంటసేపు కుస్తీ పట్టేకంటే బ్యాటరీ బిగింపు విప్పి కొంచెం జరపడం మేలు.

కొత్త బల్బును లోహపు అడుగు దగ్గరే పట్టుకోవాలి. గాజుకు వేలు తగిలితే చర్మం నూనె అక్కడ మాడి, ఆ చోట వేడి పెరిగి, గాజు ఉబ్బుతుంది లేదా పగులుతుంది. తగిలిందనుకుంటే స్పిరిట్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. హెచ్4 అడుగుకు మూడు చెవులుంటాయి, వాటిలో వెడల్పుది పైకి రావాలి. మూడూ గూట్లో పడ్డాక బల్బును వేళ్ళతో తిప్పి చూడండి, కదలకూడదు. కదిలిందంటే కూర్చోలేదు. ఇలా సగం కూర్చున్న బల్బులే ‘కొత్త బల్బు వేసినా లైటు చెట్ల మీద పడుతోంది’ అన్న ఫిర్యాదుకు పెద్ద కారణం. క్లిప్పు వేసి, రబ్బరు మూతను పై గుర్తు పైకి ఉండేలా చుట్టూ వేలితో నొక్కుతూ కూర్చోబెట్టండి. మూత సరిగా పట్టకపోతే మొదటి వానకే డూములో ఆవిరి పడుతుంది.

రెండు పక్కలా కలిపే మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది ఉంటే వెలుగులో తేడా ఉంటుంది, పాతది కూడా ఎక్కువ రోజులు నిలవదు. పోయిన బల్బు కూడా ఒక మాట చెబుతుంది. గాజు లోపల నల్లబడితే ఆయుష్షు తీరినట్టు. తెల్లటి పొడి ఉంటే పగులులోంచి గాలి దూరినట్టు. ఒక పక్క ఉబ్బి ఉంటే వేలు తగిలినట్టు. నెలల వ్యవధిలోనే మళ్ళీ మళ్ళీ పోతుంటే బల్బును తిట్టకుండా ఆల్టర్నేటర్ వోల్టేజి కొలిపించండి.

గోడ మీద అంచు

చదునైన నేల, ముందు ఒక గోడ కావాలి. మూసి ఉన్న రైస్ మిల్లు గోడైనా, స్కూలు ప్రహరీ అయినా సరే. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి కూర్చోవాలి, లైటు ఎత్తు తిప్పే చక్రం సున్నా మీద ఉండాలి. కారును గోడకు ఆనించి రెండు హెడ్‌లైట్ల మధ్య బిందువులను చాక్‌పీసుతో గుర్తు పెట్టి, తిన్నగా 5 మీటర్లు వెనక్కి తీయండి. డిమ్ వేస్తే అంచు మీ గుర్తుకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి, ఎడమ పక్కకు పోయేకొద్దీ వాలుగా పైకి లేవాలి. కొన్ని హెడ్‌లైట్ల ఒంటి మీద 1.0, 1.2 అని శాతం అచ్చు వేసి ఉంటుంది. ఉంటే దాని ప్రకారమే పెట్టండి. 1.2 శాతం అంటే 5 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు. హెడ్‌లైట్ వెనక ఉండే ప్లాస్టిక్ మరను స్టార్ స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక లైటును గుడ్డతో కప్పి రెండోదాన్ని చూడాలి.

ఎల్‌ఈడీ వేయించుకునే తీరాలని పట్టుబట్టే వారైనా ఈ గోడ దగ్గరికి రండి. హాలోజన్ అంచును చాక్‌పీసుతో గీసి, తర్వాత ఎల్‌ఈడీ పెట్టి చూడండి. గీత పైన వెలుగు మరకలు కనబడితే దాన్ని తిరిగి ఇచ్చేయండి.

వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని బయల్దేరితే కారు ముక్కు పైకి లేస్తుంది, డిమ్ లైట్ కూడా హై బీమ్‌లా పోతుంది. ఆ చక్రాన్ని 2 లేదా 3 మీదకు తిప్పుకోవడానికే పెట్టారు. ఊరు చేరి మనుషులు దిగాక మళ్ళీ సున్నాకు తేవాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో వెలుగు 65 మీటర్ల దాకా పోకుండా దగ్గరే ఆగిపోతుంది.